దండోరా నుంచి వాట్సాప్ దాకా: భిలాయి పాఠం

ఏ మాటను ఎవరికి ఏ సాధనం ద్వారా చేర్చాలన్న ప్రశ్న నేడు దేశ రాజధానిలో ప్రతి పార్టీ కార్యాలయాన్నీ, ప్రతి మంత్రిత్వ శాఖనూ వేధిస్తున్నది. యువజనులకు ఇన్‌స్టాగ్రామ్, మధ్యతరగతికి యూట్యూబ్, పత్రికలవారికీ దౌత్యవేత్తలకూ ఎక్స్, ఊరూవాడకూ వాట్సాప్ అని ప్రచార నిపుణులు ఒక పట్టిక సిద్ధం చేసుకున్నారు. పట్టిక తప్పని అనలేము. కాని అందులో వయస్సు, ఆదాయం ఉన్నాయే గాని, మనిషి ఏ భాషలో వింటాడు, ఏ లిపిలో చదువుతాడు, విన్నదానికి బదులు చెప్పే వీలు అతనికి ఉన్నదా అన్న గడులు లేవు. ఈ లోపం ఎంతటిదో గ్రహించాలంటే ఢిల్లీని కాసేపు విడిచి, ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి వైపు చూడాలి.

సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం ఫలితంగా వెలసి, 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించుకున్న ఉక్కు పట్టణమది. బయటినుంచి చూసేవారికి ఒకే ఊరు. మాట చేర్చవలసినవారి దృష్టితో చూస్తే నాలుగైదు ఊళ్లు. సెక్టార్లలోని క్వార్టర్లలో ఉండే స్థిరోద్యోగి వేరు. అదే ప్లాంటులో అతని పక్కనే పనిచేసే కాంట్రాక్టు కార్మికుడు వేరు. ప్లాంటుకు ముడి ఇనుము అందించే దల్లీ రాజహరా గనులలో ఛత్తీస్‌గఢీ మాట్లాడే శ్రామికుడు వేరు. ఆ గనులు తరిగిపోతున్నందున కొత్త ఖనిజం కోసం కన్నువేసిన రావ్‌ఘాట్ కొండల గోండు రైతు మరీ వేరు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాలనుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాల సంగతే తీసుకుందాం. మూడవ తరం పిల్లలలో అనేకులకు ఇంట్లో తెలుగు మాట ఉన్నది, బడిలో నేర్చిన లిపి మాత్రం హిందీ. తెలుగు అక్షరాలలో పంపిన సందేశం వారి ఫోనుకు చేరుతుంది గాని వారికి చేరదు. అదే తెలుగులో మాట్లాడి పంపితే చేరుతుంది.

ఈ భేదాన్ని ఏ ప్రచార సంస్థా నేర్పకుండానే పట్టుకున్నవాడు శంకర్ గుహా నియోగి. 1977లో దల్లీ రాజహరాలోని కాంట్రాక్టు గని కార్మికులను సంఘటితపరచినప్పుడు ఆయన చేతిలో రేడియో లేదు, పత్రిక లేదు. కార్మికునికి ఎరుపు, రైతుకు ఆకుపచ్చ అని చదువురానివానికి సైతం అర్థమయ్యే జెండా ఉన్నది. పాట ఉన్నది, ఛత్తీస్‌గఢీ నుడికారం ఉన్నది. 1857లో బ్రిటిష్‌వారు ఉరితీసిన సోనాఖాన్ జమీందారు వీర నారాయణ సింగ్ స్మృతిని ఏటేటా ఉత్సవంగా జరిపి, చరిత్ర పుస్తకం చేరని చోటికి చరిత్రను చేర్చారు. 1983లో కార్మికులే చందాలు వేసుకుని, చెమటోడ్చి నెలకొల్పిన షహీద్ ఆసుపత్రి వేయి కరపత్రాల పని చేసింది. 1991 సెప్టెంబరు 28న భిలాయిలో నిద్రిస్తున్న నియోగిని కాల్చి చంపారు. ఆయన రాజకీయాలతో ఏకీభవించనివారు సైతం ఒక విషయం అంగీకరించక తప్పదు: వినేవాడు ఎవరో తేల్చుకున్న తరువాతనే ఆయన సాధనాన్ని ఎన్నుకున్నాడు.

ప్రభుత్వాలు దీనికి విరుద్ధంగా నడిచాయి. ముందు సాధనం, తరువాత మనిషి. 2018 జూలైలో అప్పటి రమణ్ సింగ్ ప్రభుత్వం దాదాపు 50 లక్షల మందికి స్మార్ట్‌ఫోన్లు ఉచితంగా ఇచ్చే పథకాన్ని ఆరంభించింది. కొద్ది నెలలలో జరిగిన ఎన్నికలలో 90 స్థానాల శాసనసభలో ఆ పార్టీకి దక్కినవి 15. ఐదేళ్ల తరువాత 2023లో అదే పార్టీ మరొక సాధనం పట్టింది. వివాహిత మహిళలకు ఏడాదికి 12,000 రూపాయలు ఇస్తామంటూ కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి కాగితపు ఫారాలు నింపించారు. కాంగ్రెస్ ఎన్నికల సంఘానికి ఫిర్యాదు చేసింది. తొలి విడత పోలింగు ముగిశాక, దీపావళినాడు ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ 15,000 ఇస్తామని ప్రకటించారు. మొత్తం ఎక్కువే, కాని అది గాలిలో వచ్చిన ప్రకటన, ఇది చేతిలో మిగిలిన కాగితం. భారతీయ జనతా పార్టీకి 54 స్థానాలు, కాంగ్రెస్‌కు 35 వచ్చాయి. గెలుపోటములకు కారణాలు అనేకం; ఫారమే గెలిపించిందని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. ఐతే స్మార్ట్‌ఫోను చేయలేని ఒక పని ఫారం చేసిందనడంలో సందేహం లేదు. అది ఆమె పేరు అడిగింది.

ఎన్నికలలో సాధనం తప్పితే పోయేది అధికారం. గనుల విషయంలో సాధనం తప్పితే పోయేది భూమి, అడవి. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం, ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన ఇవ్వాలి. పత్రికలు చేరని చోట్ల దండోరా వేయించాలి, రేడియో, టెలివిజన్ల ద్వారా తెలియజేయాలి. ఢిల్లీలో రచించిన ఒక నిబంధనలో దండోరాకు చోటు దక్కడం గమనార్హం. పత్రిక చేరని గూడెంలో పత్రికా ప్రకటన ఒక్కటే వేసి సరిపుచ్చుకుంటే, అది తెలియజేయడం కాదు, తెలియజేసినట్లు దస్త్రంలో రాసుకోవడం. నేడు వాట్సాప్ గ్రూపులో ఒక పత్రాన్ని పడవేసి ప్రజలకు సమాచారం అందిందనే అధికారి సైతం అదే పని చేస్తున్నాడు.

దీనికి జవాబు కూడా ఛత్తీస్‌గఢ్ నేలమీదే దొరికింది. పాత్రికేయుడు శుభ్రాంశు చౌదరి 2010లో ఆరంభించిన సీజీనెట్ స్వర వ్యవస్థలో ఖరీదైన ఫోను అక్కరలేదు, అక్షరజ్ఞానం అక్కరలేదు. గ్రామస్థుడు ఒక నంబరుకు ఫోను చేసి తన భాషలో, గోండీ అయినా సరే, తన సమస్య చెప్పుకుంటాడు. సంపాదకులు సరిచూసిన తరువాత ఇతరులు దానిని ఫోనులోనే వింటారు. ఇంటర్నెట్ అందని చోట బ్లూటూత్ ద్వారా ఒక ఫోనునుంచి మరొక ఫోనుకు మాటను చేరవేసే పద్ధతికి వారు పెట్టుకున్న పేరు బుల్టూ రేడియో. సాధనం కొత్తది, సూత్రం పాతది: ఆసామి చెప్పుకునేది కూడా వినాలి.

వేర్వేరు శ్రోతలకు వేర్వేరు సాధనాలు అవసరమనడంలో వివాదం లేదు. వివాదం మరొకచోట ఉన్నది. సాధనాలు వేరైనా మాట ఒకటిగా ఉండాలి. స్థిరోద్యోగికి ఒక హామీ, కాంట్రాక్టు కార్మికునికి దానికి విరుద్ధమైన మరొక హామీ, ఒకరి సందేశం మరొకరి కంటపడని రెండు గ్రూపులలో పంపడం నేడు సులభసాధ్యం. బహిరంగ సభలో ఆ వీలు లేకపోయింది. పక్కవాడు వింటున్నాడన్న భయం నాయకుని నాలుకకు కళ్లెంగా ఉండేది. కొత్త సాధనాలు ఆ కళ్లెం తీసివేశాయి. నా దృష్టిలో అసలు ప్రమాదం అదే.

కనుక మన పార్టీలూ, సంఘాలూ, తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఏ యాప్ ఎంచుకున్నా ముందుగా వేసుకోవలసిన ప్రశ్నలు మూడు. వినేవాడు ఎవరు? అతడు బదులు చెప్పగలడా? అతనితో చెప్పిన మాటను అతని పొరుగువాని ఎదుట చెప్పగలమా? మూడవదానికి అవునని చెప్పలేని మాటను ఏ సాధనం ద్వారానూ పంపకపోవడమే మేలు.