పొదిలి నుంచి డాలస్‌కి ఎన్ని గంటలు?

మొన్న మా పక్కింటి అక్క ఫోన్ పట్టుకుని వచ్చింది. డాలస్‌లో ఉన్న కూతురి కాన్పుకి వెళ్ళాలి. ఆ అమ్మాయి రెండు టికెట్ల వివరాలు పంపి, ఏది తీసుకోమంటావని అడిగిందట. ఒకటి దుబాయ్‌లో మాత్రమే ఆగేది. రెండోది రెండు చోట్ల ఆగేది, పదిహేను వేలు తక్కువ.

"చూడమ్మాయ్, ఈ మొదటిది పొద్దున పదింటికి హైదరాబాద్‌లో ఎక్కితే అదే రోజు రాత్రి తొమ్మిదిన్నరకి దించుతుందంట. పదకొండున్నర గంటలేగా! ఇంకోదైతే ఇంకో నాలుగైదు గంటలు ఎక్కువ పడుతుందేమో. డబ్బు మిగిలిద్ది కదా" అంది.

టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. ఎండాకాలంలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. ఇప్పటి లెక్కన ఆ పదిన్నర కలిపితే 22 గంటలు. పొదిలి నుంచి శంషాబాద్‌కి కారులో ఆరేడు గంటలు, అక్కడ మూడు గంటల ముందే ఉండాలి, దిగాక తనిఖీలు, సామాను, ఇంటికి చేరడం ఇంకో రెండు గంటలు. మన గడప దాటి కూతురి గడప తొక్కేసరికి దగ్గర దగ్గర 34 గంటలు!

హైదరాబాద్ నుంచి డాలస్‌కి తిన్నగా కొలిస్తే సుమారు 14,400 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా అయితే సుమారు 15,500. చుట్టు తిరిగినా పెరిగేది వెయ్యి కిలోమీటర్ల చిల్లరే. మనల్ని నలగ్గొట్టేది ఆ దూరం కాదు, మధ్యలో దిగి ఎక్కడాలు.

ఇది నేను పడి తెలుసుకున్నదే. మా అమ్మాయి కాన్పుకి వెళ్ళినప్పుడు చవకని రెండు చోట్ల ఆగే టికెట్టే తీసుకున్నాం. రెండో మజిలీ అమెరికాలోనే. అమెరికాలో మొదట దిగిన చోట సాధారణంగా మన పెట్టెలు మనమే తీసుకుని, తనిఖీ దాటించి, మళ్ళీ అప్పగించాలి. 23 కిలోల పెట్టెలు రెండు, పక్కన మనిషి లేదు. బాత్రూంకి వెళ్తే పెట్టెలు ఎవరు చూస్తారని మంచినీళ్ళు కూడా తాగలేదు. ఇల్లు చేరేసరికి కాళ్ళు వాచిపోయాయి. పురుడు పోయడానికి వెళ్ళిన నాకు, నిండు నెలల పిల్ల రెండు రోజులు అన్నం వండి పెట్టింది. ఆ మిగిలిన డబ్బు ఎంతో నాకిప్పుడు గుర్తులేదు గానీ, పొయ్యి దగ్గర అది నడుము పట్టుకుని నిలబడడం మాత్రం గుర్తుంది.

తప్పు పిల్లలదే అనను. "ఏదైనా పర్లేదమ్మా" అనేది మనమే. అడిగితే అల్లుడికి ఖర్చని మొహమాటం. 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్, మరో ముగ్గురు మహిళా పైలట్లు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఉత్తర ధ్రువం మీదుగా ఎక్కడా ఆగకుండా విమానం తెచ్చారు. సుమారు 17 గంటలు. ఆడవాళ్ళు అంత దూరం విమానమే నడుపుతుంటే, మనకి ఏ టికెట్ కావాలో నోరు తెరిచి చెప్పుకోలేమా?

నా మటుకు నేను చెప్పేది ఇదే. తల్లి ఒంటరిగా వెళ్తుంటే ఒక్కచోటే ఆగాలి, అది అమెరికా బయటే అయిపోవాలి. టికెట్ తీసుకునేటప్పుడే వీల్‌చైర్ సాయం అడగాలి. గంటలు ఇంటి నుంచి ఇంటికి లెక్కపెట్టాలి.

అక్క నా ముందే కూతురికి ఫోన్ చేసి మొదటి టికెట్టే తీసుకోమంది. వీల్‌చైర్ మాట ఎత్తడానికి మాత్రం సిగ్గుపడింది. ఫోన్ లాక్కుని అది నేను చెప్పాను.