కోడ్‌కు కులం లేదట!

సాఫ్ట్‌వేర్ రంగంలో పదేళ్లు గడిపిన ఏ ప్రోగ్రామర్‌ను కదిపినా కొన్ని అభిప్రాయాలు అలవోకగా రాలిపడతాయి. కొత్త ఫ్రేమ్‌వర్క్‌లు వెబ్‌ను పాడుచేశాయంటాడు. డిగ్రీలు దండగ, గిట్‌హబ్‌లో ఏం రాశావో చూపిస్తే చాలంటాడు. సంభాషణ నియామకాల మీదికి మళ్లగానే, ‘కోడ్‌కు కులం తెలియదు’ అని తేల్చేస్తాడు. మొదటి మాటలో చాలా నిజం ఉంది, రెండోదానిలో సగం ఉంది. మూడోది ఎవరి నోట వినిపిస్తోందో గమనించాలి. కులం వల్ల ఎన్నడూ ఆగిపోనివారికే అది తెలియకుండా ఉండగలదు.

వెబ్ పుట్టుకను ఒకసారి గుర్తుచేసుకుందాం. 1989లో టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించిన ఈ వ్యవస్థను 1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ రుసుము లేకుండా ప్రపంచమంతటికీ వదిలేసింది. బ్రౌజర్‌లో ఏ పేజీ తెరిచినా ‘వ్యూ సోర్స్’ నొక్కితే దాని లోపలి రాత కళ్లముందుండేది. గురువు అక్కరలేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు. ఎదుటివారి పనిని చదివి నేర్చుకోగల వృత్తి అది. చదువును చెవిన కూడా పడనీయకుండా తరతరాలు కాపలా కాసిన సమాజంలో ఇది చిన్న విషయం కాదు. 2010లో ఎన్‌పీఎం, 2013లో రియాక్ట్ వచ్చాక ఆ తలుపు సన్నబడింది. అవి గొప్ప సాధనాలే, సందేహం లేదు. కానీ నేడు పేరున్న ఏ సైటు సోర్స్ తెరిచినా యంత్రం కుదించి ముద్దచేసిన అక్షరాలే కనిపిస్తాయి. చిన్న ప్రాజెక్టు మొదలుపెట్టాలన్నా వందల ప్యాకేజీలు దిగాలి. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ అక్కడే చతికిలబడుతుంది. పేజీలు బరువెక్కిన భారం కూడా చవక ఫోన్ మీద ఉపకారవేతనం దరఖాస్తు నింపే విద్యార్థి మీదే పడుతుంది. అది తెరుచుకోక అతడు నెట్ సెంటర్‌కు వెళ్లి డబ్బు చెల్లిస్తాడు. ప్రోగ్రామర్ దీన్ని ‘పెర్ఫార్మెన్స్’ సమస్య అంటాడు. దాన్ని సామాజిక శాస్త్రం భాషలో చెప్పవలసి వస్తే ‘ప్రవేశార్హత’ అనాలి.

మన దగ్గర ఆ తలుపును కొంత తెరిచి ఉంచింది హైదరాబాద్‌లోని అమీర్‌పేట. మైత్రీవనం చుట్టుపక్కల ఇరుకు గదుల్లో, తక్కువ ఫీజుకు, జావా నుంచి నేటి ఫుల్ స్టాక్ వరకు నేర్పిన శిక్షణ కేంద్రాలను మన మేధావులు వెక్కిరించినంతగా అధ్యయనం చేయలేదు. 2008 ప్రాంతంలో విస్తరించిన ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజనీరింగ్‌లో చేరిన మొదటి తరం దళిత, బహుజన విద్యార్థులు కళాశాల ఇవ్వని పనితనాన్ని అక్కడ వెతుక్కున్నారు. ఇంత చేసి వెళ్తే, ఇంటర్వ్యూలో ఎదురయ్యే ప్రశ్న: ఖాళీ సమయంలో ఓపెన్ సోర్స్‌కు ఏం చేశారు? ఖాళీ సమయం అనేది ఎవరి దగ్గర ఉంటుంది? రాత్రి డెలివరీకి వెళ్లి, నెలాఖరున ఇంటికి డబ్బు పంపే పిల్లవాడి గిట్‌హబ్ పేజీలో పచ్చ గళ్లు తక్కువగానే ఉంటాయి. దాన్ని ఆసక్తి లేకపోవడంగా చదివేవారు తాము కొలుస్తున్నది ప్రతిభనే అనుకుంటారు.

ఆ గిట్‌హబ్ సంస్థ తన కార్యాలయంలో అమెరికా అధ్యక్షుడి ఓవల్ ఆఫీస్ నమూనాలో ఒక గది కట్టుకుని, ‘మెరిటోక్రసీ’ అని ఘనంగా నేయించిన తివాచీ పరచింది. విమర్శలు రావడంతో 2014లో దాన్ని తొలగించింది. ఆ పదాన్ని ప్రచారంలోకి తెచ్చిన మైఖేల్ యంగ్ 1958 నాటి పుస్తకం, ప్రతిభ పేరిట కొత్త వర్ణవ్యవస్థ ఏర్పడే సమాజాన్ని ఎద్దేవా చేసిన వ్యంగ్య రచన. వ్యంగ్యాన్ని ఆదర్శంగా చదువుకున్న ఘనత ఈ రంగానిదే.

ఈ రంగానికి ఆత్మపరిశీలన రాదని మాత్రం అనలేం. డేటాబేస్‌ల పరిభాషలో ‘మాస్టర్, స్లేవ్’ అన్న జంటను జాంగో 2014లో వదిలేసింది. 2018లో పైథాన్ అదే దారి పట్టింది. 2020 అక్టోబరు నుంచి గిట్‌హబ్‌లో కొత్త రిపాజిటరీల ప్రధాన శాఖ ‘మాస్టర్’ పోయి ‘మెయిన్’ అయింది. బానిసత్వపు స్మృతి ఒక పదంలో ఉన్నా నల్లజాతి సహోద్యోగిని గాయపరుస్తుందని అంగీకరించిన సంస్కృతి, కులం మాట ఎత్తితే మాత్రం ‘రాజకీయాలు తేవద్దు’ అంటుంది. 2022 ఏప్రిల్‌లో గూగుల్‌లో తేన్‌మొళి సౌందరరాజన్ ఉపన్యాసం రద్దయింది ఇలాంటి అభ్యంతరాలతోనే.

సిస్కోపై కాలిఫోర్నియా పౌరహక్కుల విభాగం 2020 జూన్‌లో వేసిన దావాను ఈ నేపథ్యంలోనే చదవాలి. ఒక దళిత ఇంజనీరు ఐఐటీలో రిజర్వేషన్ ద్వారా చేరాడన్న సంగతిని పైఅధికారి సహోద్యోగులకు చెప్పాడన్నది అందులోని ఆరోపణ. కంపెనీ దాన్ని ఖండించింది; ఇద్దరు ఇంజనీర్లపై కేసును 2023 ఏప్రిల్‌లో విభాగమే ఉపసంహరించుకుంది. తీర్పు సంగతి అటుంచితే, ఆరోపణ స్వభావం మనకు సుపరిచితం. కోడ్ రివ్యూలో ఎవరూ కులం అడగరు. ఇంటిపేరు, ఊరి పేరు, ఏం తింటారన్న ఆరా, ప్రవేశ పరీక్ష ర్యాంకు చాలు. అమెరికాలో తెలుగువారి సంఘాలు ఏ గీతల వెంట చీలాయో తెలిసినవారికి రెఫరల్స్ ఏ గీతల వెంట ప్రవహిస్తాయో ఊహించడం కష్టం కాదు. సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరి 21న కులవివక్షను నిషేధించింది. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నర్ న్యూసమ్, ఉన్న చట్టాలు చాలంటూ అటువంటి బిల్లును వీటో చేశారు.

ఇక్కడ మన పరిస్థితి అంతకన్నా బలహీనం. రాజ్యాంగం 16వ అధికరణం ప్రభుత్వోద్యోగాలకే పరిమితం. అత్యాచారాల నిరోధక చట్టం ఉన్నా, నియామకంలో నిశ్శబ్దంగా జరిగే వడపోతను దాని కింద నిరూపించడం దాదాపు అసాధ్యం. అమెరికాలో తమ ప్రవర్తనా నియమావళిలో కులాన్ని చేర్చిన యాపిల్, ఐబీఎం వంటి కంపెనీలకు హైదరాబాద్, బెంగళూరుల్లో ఆ నియమాల అమలు వివరాలు వెల్లడించమని అడగవచ్చు. ప్రభుత్వ భూములు, రాయితీలు పొందిన ఐటీ కంపెనీలన్నిటినీ రెఫరల్ నియామకాల వాటా ఎంతో, అందులో ఎస్సీ, ఎస్టీ, బీసీలు ఎందరో ఏటా ప్రకటించమని ఒప్పందంలోనే షరతు పెట్టవచ్చు. ఆ లెక్క తీయడానికి ఒక చిన్న క్వెరీ చాలు. రాయగలిగినవారు ఆ కంపెనీల్లోనే ఉన్నారు.