మాడుగుల అని కొడితే హల్వా వస్తుంది

యూట్యూబ్‌లో మాడుగుల అని కొట్టి చూడండి. హల్వా వస్తుంది. గోధుమ పాలు, నెయ్యి, పెద్ద మూకుడు, తిప్పుతున్న చెయ్యి. అది కింద, అనకాపల్లి జిల్లా మాడుగుల. ముందు 'జి' తగిలిస్తే ఘాట్ రోడ్డు ఎక్కుతాం. జి అంటే గంగరాజు. గంగరాజు మాడుగుల 2022 ఏప్రిల్ దాకా విశాఖ జిల్లాలో ఉండేది, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. ఆ పేరుతో వెతికితే నాకు దాదాపు ఎప్పుడూ మూడు రకాల వీడియోలే ఎదురవుతాయి. కొత్తపల్లి జలపాతం. గంజాయి పట్టివేత. డోలీలో మోసుకెళ్తున్న గర్భిణి. అంటే ఆహ్లాదం, నేరం, జాలి. మైదానం నుంచి కొండ మీదికి చూడ్డానికి మనం పెట్టుకున్న కిటికీలు ఈ మూడే.

నాలుగో రకం వీడియో ఒకటి ఉండేది. దాన్ని కనబడకుండా చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి ఇది రాస్తున్నా.

నాలుగేళ్ళ కిందట ఆఫీసు వాళ్ళతో కొత్తపల్లి వెళ్ళాను. అక్కడ ఒక కుర్రాడు పరిచయమయ్యాడు. డిగ్రీ మధ్యలో ఆపేశాడు, శీతాకాలం టూరిస్టుల వెంట తిరుగుతాడు, మిగతా రోజుల్లో ఇంటి పోడు పని. ఛానల్ ఉందన్నా, చూడు అన్నాడు. చూశాను. వాళ్ళ నాయనమ్మ చాటలో చోళ్ళూ సామలూ వేరుచేస్తూ కువిలో మాట్లాడుతోంది. పదకొండు నిమిషాలు. ఏ విత్తనం ఏ వాలు మీద చల్లాలి, ఏ ఏడు ఏది ఎందుకు పోయింది. మధ్యలో ఒక కోడి వచ్చి కెమెరాకి అడ్డం నిలబడితే ఆవిడ దాన్ని తిట్టింది. ఆ తిట్టు నాకు అర్థం కాలేదు గానీ పక్కన కూర్చున్న పిల్లలు పగలబడి నవ్వారు. సంగీతం లేదు, సబ్‌టైటిల్స్ లేవు. ఎవరికీ ఏదీ వివరించే ఉద్దేశం లేదు. వాళ్ళ మాట వాళ్ళవాళ్ళ కోసం.

మొదట్లో ఆ ఛానల్‌కి వ్యూస్ వందల్లో వచ్చేవి. తర్వాత పదుల్లోకి పడ్డాయి. ఒకరోజు మెసేజ్ పెట్టాడు: 'అన్నా, నన్ను షాడోబ్యాన్ చేసినారా?'

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. కొన్నేళ్ళు ర్యాంకింగ్ పని చేశాను కూడా. కాబట్టి నాకు జవాబు తెలుసు, తెలుసన్న పొగరూ ఉంది. బ్యాన్ లేదు, గీన్ లేదు తమ్ముడూ, నీ స్టూడియోలో లెక్కలు చూడు అన్నాను. జనం ముప్పై సెకన్లకే వెళ్ళిపోతున్నారు. థంబ్‌నెయిల్ మార్చు. మొదటి పది సెకన్లలో ఏదో ఒకటి జరగాలి. తెలుగులో మాట్లాడు. నాయనమ్మ బాగుంది గానీ జలపాతం పెట్టు.

అతను పెట్టాడు. వ్యూస్ వచ్చాయి. నా జవాబు సాంకేతికంగా అక్షరాలా నిజమైంది, అందుకే దాన్ని తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

'నన్ను తొక్కేశారు' అని క్రియేటర్ అంటాడు. 'ఎవరూ తొక్కలేదు, నీ సరుకు బాలేదు' అని ఇంజనీర్ అంటాడు. పదేళ్ళుగా ఈ గొడవ ఇక్కడే తిరుగుతోంది. ఇద్దరూ తప్పే. ఎందుకో చెప్పాలంటే కాస్త లోపలికి వెళ్ళాలి, విసుక్కోకండి.

యూట్యూబ్ 2012లో క్లిక్కుల లెక్క వదిలి, ఎంతసేపు చూశారన్న లెక్కకి మారింది. 2016లో గూగుల్ ఇంజనీర్లు ముగ్గురు తమ సిఫారసు యంత్రం మీద ఒక పరిశోధనా పత్రం ప్రచురించారు, ఎవరైనా చదువుకోవచ్చు. పని రెండు మెట్లలో సాగుతుంది. కోట్ల వీడియోల్లోంచి మీకు నప్పేలా ఉన్న కొన్ని వందలు ఏరడం మొదటి మెట్టు. ఏరినవాటిలో దేన్ని మీరు ఎంతసేపు చూస్తారో ఊహించి వరసలో పెట్టడం రెండోది. 2018లో నీల్ మోహన్ చెప్పిన లెక్క ప్రకారం యూట్యూబ్‌లో జనం చూసే సమయంలో 70 శాతం పైగా ఈ సిఫారసుల వల్లే. అంటే వెతుక్కుని వచ్చేవాళ్ళు తక్కువ, చూపిస్తే చూసేవాళ్ళే ఎక్కువ.

ఇప్పుడు నాయనమ్మ వీడియో ఈ యంత్రంలో పడింది. అప్‌లోడ్ చేసేటప్పుడు భాష దగ్గర తెలుగు అని పెట్టాడు. అతని ఫోనూ తెలుగే, ఛానల్ పేరూ తెలుగే. యంత్రం దాన్ని ఎవరికి చూపిస్తుంది? విజయవాడలో, కూకట్‌పల్లిలో, డల్లాస్‌లో ఉన్న తెలుగువాళ్ళకి. వాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాదు, వెళ్ళిపోతారు. వెళ్ళిపోయారు కాబట్టి ఇది బాలేదని యంత్రం నేర్చుకుంటుంది. ఇక ఎవరికి బాగుంటుందో వాళ్ళ దాకా అది వెళ్ళదు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. పరీక్ష పేపరు తప్పు గదిలో పంచి, సున్నా మార్కులు వేశారు, అంతే.

మరి సరైన గదిలోవాళ్ళు చూడలేదా? చూశారు. వాళ్ళు చూసిన తీరు లెక్కలోకి రాలేదు. ఊళ్ళో ఒక ఫోన్ చుట్టూ ఏడుగురు కూర్చుంటారు, యంత్రానికి అది ఒక వ్యూ. సిగ్నల్ కోసం రాయెక్కి సగం చూసి, మిగతా సగం రేపు చూస్తే యంత్రానికి అది మధ్యలో వదిలేసిన వీడియో. 2023 జూన్‌లో ఏజెన్సీ ప్రాంతాల్లో ఒకేసారి వంద జియో టవర్లు ప్రారంభించారు, వాటిలో ఎక్కువ భాగం అల్లూరి జిల్లాలోవే. అయినా లోయలోకి దిగితే గీత పోతుంది. అంతకన్నా ముఖ్యమైనది సంత. సంతలో సెల్ రిపేర్ బడ్డీ ఉంటుంది. ఇరవయ్యో ముప్పయ్యో తీసుకుని మెమరీ కార్డు నింపి ఇస్తాడు: థింసా పాటలు, సినిమాలు, పక్క ఊరి పెళ్ళి వీడియో. ఈ నాయనమ్మ వీడియో కూడా ఆ బడ్డీలో ఉండటం నేను కళ్ళారా చూశాను. ఎంతమంది చూసుంటారు? యూట్యూబ్ ప్రకారం సున్నా. కొండ మీద బాగా తిరిగే వీడియోకి కింద లెక్కల్లో ఉనికే ఉండకపోవచ్చు.

డబ్బు సంగతి కూడా ఒక ముక్క. 2018 నుంచి ప్రకటనల్లో వాటా రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. పదకొండు నిమిషాల ఆ వీడియోని మొదటి నుంచి చివరిదాకా దాదాపు 22 వేల సార్లు చూడాలి. మెమరీ కార్డులో చూసినవి పనికిరావు.

'మరీ చేస్తున్నావు, లెక్కల్లో లోపం వేరు, వివక్ష వేరు' అనే మిత్రులకి ఒక పాత కాగితం గుర్తు చేస్తాను. 2020 మార్చిలో ది ఇంటర్సెప్ట్ అనే పత్రిక టిక్‌టాక్ అంతర్గత నిబంధనల్ని బయటపెట్టింది. కొత్తవాళ్ళకి చూపించే ఫీడ్‌లోంచి ఎవర్ని తప్పించాలో మోడరేటర్లకి చెప్పే కాగితాలవి. అందంగా లేనివాళ్ళు, వైకల్యం కనబడేవాళ్ళు, మురికివాడలు, పల్లె పొలాలు, పాడుబడ్డ ఇళ్ళు. గోడకి పగుళ్ళున్నా తప్పించమన్నారు. ఒక మినహాయింపు ఇచ్చారు: పల్లెలోని అందమైన ప్రకృతి దృశ్యాలు ఉండొచ్చు. వీటిలో చాలావరకు ఇప్పుడు వాడటం లేదనీ, కొన్ని అసలు అమల్లోకే రాలేదనీ కంపెనీ చెప్పుకుంది. సరే, నమ్ముదాం. మన దేశంలో ఆ ఏడాది జూన్‌లో ఆ యాప్ కూడా పోయింది.

ఆ మినహాయింపు మాత్రం నన్ను వదల్లేదు. ప్రకృతి దృశ్యం ఉండొచ్చు, గోడ పగులు ఉండకూడదు. జలపాతం ఉండొచ్చు, చాట ముందు కూర్చున్న ముసలమ్మ ఉండకూడదు. ఒక కంపెనీ మనుషుల్ని పెట్టి కాగితం మీద రాయించిన సంగతిని ఇంకో యంత్రం ఎవరూ రాయకుండానే మన వేళ్ళ కదలికల్లోంచి నేర్చుకుంది. నేను ఆ కుర్రాడికి ఇచ్చిన సలహా కూడా సరిగ్గా అదే. నాకా కాగితం ఎవరూ ఇవ్వలేదు, నా బుర్రలో ముందే ఉంది.

చట్టం వైపు చూద్దామా? తీసెయ్యకుండా కనబడటం తగ్గించడం అనేది ఉందని యూట్యూబే ఒప్పుకుంటుంది. హద్దుల అంచున ఉన్న తప్పుడు సమాచారాన్ని సిఫారసు చెయ్యడం తగ్గిస్తామని 2019 జనవరిలో బాహాటంగా ప్రకటించింది. యూరప్‌లో డిజిటల్ సర్వీసెస్ చట్టం ఇంకో అడుగు వేసింది. నిబంధనలు మీరావని ఒకరి పోస్టుని కిందికి నెడితే, ఎందుకు నెట్టారో అతనికి కారణం రాసి ఇవ్వాలి. మన 2021 ఐటీ నిబంధనల్లో తొలగింపుకి నోటీసు ఉంది గానీ కిందికి నెట్టడం గురించి ఆ మాట లేదు. అయితే యూరప్ చట్టం ఇక్కడికొచ్చినా మా కుర్రాడికి ఒరిగేదేం లేదు. అతను ఏ నిబంధనా మీరలేదు, అతన్ని ఎవరూ నెట్టలేదు. అసలు ఎత్తలేదు. ఎత్తకపోవడానికి కారణం అడిగే హక్కు ఏ చట్టంలో ఉంటుంది?

ఇక్కడ నాకు ఎదురయ్యే గట్టి వాదన ఇంకోటి. గంగవ్వ లేదా? మై విలేజ్ షో లేదా? అరకు ట్రైబల్ కల్చర్ లాంటి ఛానల్ని లక్షలమంది చూడటం లేదా? చూస్తున్నారు, నేనూ చూస్తాను, వాళ్ళ కష్టం మీద నాకు గౌరవం ఉంది. గంగవ్వ తెలంగాణ తెలుగు తెలుగువాళ్ళకే, కొంచెం చెవి ఒగ్గితే అందేస్తుంది. కొండ మీది ఛానల్ గెలవాలంటే ఇంకో షరతు ఉంది: ప్రతిసారీ ఆతిథ్యం ఇవ్వాలి. 'మా దగ్గర దీన్ని ఇలా వండుతాం', 'మా పండగ ఇలా ఉంటుంది' అని ఎప్పుడూ కిందివాళ్ళ వైపు తిరిగి, మన భాషలో, నవ్వుతూ చెప్పాలి. చుట్టాలొచ్చినప్పుడు ఇల్లు సర్దుకున్నట్టు జీవితమంతా సర్దుకోవాలి. తనవాళ్ళతో తను మాట్లాడుకుంటే ఎవరూ రారు. ఒకరిద్దరు ఆ షరతు మీద గెలిచారని చెప్పి షరతే లేదనడం ఏం తర్కం?

'చూడాలా వద్దా అన్నది జనం ఇష్టం, బలవంతంగా చూపిస్తావా' అని కూడా అడుగుతారు. నాయనమ్మని డల్లాస్‌లో చూపించమని ఎవరడిగారండీ? చూపించొద్దనే అంటున్నా. పాడేరు, జి.మాడుగుల, హుకుంపేట, సరిహద్దు దాటితే కొరాపుట్, రాయగడ, అక్కడ కువి తెలిసినవాళ్ళ ఫోన్లకి ముందు చూపించండి. వాళ్ళు కాదంటే అప్పుడు సున్నా వెయ్యండి. ఈ వీడియో ఎవరి కోసమో చెప్పే అవకాశం చేసినవాడికి ఇవ్వడం, మొదటి పరీక్ష అక్కడే పెట్టడం ఇంజనీర్లకి చంద్రయానం కాదు. ఏ ఊళ్ళో ఏ హోటల్ ప్రకటన ఎవరికి చూపించాలో వీధి దాకా తెలిసిన యంత్రమది. నేను పనిచేసిన ఒక చోట చిన్న భాషల గురించి మీటింగ్‌లో ఒకసారి మాటొచ్చింది. స్లైడ్ మీద వాటన్నిటికీ కలిపి 'ఇతరములు' అని ఒకే గీత ఉంది. గీత మరీ సన్నగా ఉందని తర్వాతి స్లైడ్‌కి వెళ్ళిపోయాం. నేనేం అనలేదు. ఆకలిగా ఉన్నట్టు గుర్తు.

సాహిత్యం చదివేవాళ్ళం కదా, మనకి ఇది అంటదనుకోకండి. చాలాకాలం మన ఏజెన్సీ కథల్లో కొండెక్కి వెళ్ళే టీచరు ఉండేవాడు, డాక్టరు ఉండేవాడు, ఐటీడీఏ ఆఫీసరు ఉండేవాడు. కొండ మీది మనిషి వాళ్ళకి కనబడినంతసేపే కథలో ఉంటాడు. మల్లిపురం జగదీశ్ 'సిలకోల' లాంటివి వచ్చాక గానీ లోపలి గొంతు అంటూ వినబడలేదు, అదీ తెలుగులోనే. గిడుగు రామమూర్తి పుట్టినరోజని ప్రతి ఆగస్టు 29న వాడుక భాష గురించి పోస్టులు పెట్టుకుంటాం. పర్లాకిమిడిలో ఉండి ఆయన ఏళ్ళకి ఏళ్ళు సవర భాష నేర్చుకున్నాడు, 1931లో దాని వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చాడు. ఆగస్టు 29 పోస్టుల్లో సవరల ఊసు ఎక్కడుంటుందో వెతకండి. మన టైమ్‌లైన్ కూడా యంత్రంలాగే పనిచేస్తుంది, మనకి నప్పే సగం గిడుగునే పైకి తెస్తుంది.

అందుకే షాడోబ్యాన్ అన్న మాట అతను వాడినప్పుడు నేను సరిదిద్దకుండా ఉండాల్సింది. ఇంజనీరింగ్ నిఘంటువు ప్రకారం అది తప్పు మాటే. కానీ చీకట్లో ఉన్నవాడు నన్ను చీకట్లో పెట్టారన్నాడు. కాదు, లైటు నీ వైపు తిప్పలేదంతే అని నేను వాదించాను. ఈ తేడా నాకు ముఖ్యం. అతనికెందుకు ముఖ్యం కావాలి?

మొన్న డిసెంబరులో మళ్ళీ వెళ్ళాను. ఛానల్ బాగా పెరిగింది. మంచు, జలపాతం, డ్రోన్ షాట్లు, 'ఈ ప్లేస్ గురించి ఎవరికీ తెలీదు' అన్న శీర్షిక కింద అందరికీ తెలిసిన ప్లేసు. టెంట్లు అద్దెకిస్తున్నాడు, ఇంటికి రేకులు మార్పించాడు. నాకు సంతోషమే. నాయనమ్మ వీడియో కోసం ఛానల్ మొత్తం వెతికాను, లేదు. అడిగితే ప్రైవేట్‌లో పెట్టానన్నాడు. తక్కువ చూసే వీడియోలు ఛానల్‌ని కిందికి లాగుతాయని ఎవరో చెప్పారట. ఆ ఎవరో నేనే కావచ్చు, గుర్తులేదు.

ఆవిడ ఇప్పుడు లేదు. వీడియో పబ్లిక్ చెయ్యమని ఈ నెలలో రెండుసార్లు అడిగాను.

'సీజన్ అయ్యాక చూద్దాం అన్నా. ఛానల్ దెబ్బతింటాది' అన్నాడు.