ఇంటి కాగితంలో మన పేరు

ఇంగ్లండులో టైన్‌హామ్ అని ఒక చిన్న పల్లె ఉండేది. 1943 డిసెంబరులో సైనిక శిక్షణ కోసం దాన్ని ఖాళీ చేయించారు. ఎప్పటికైనా తిరిగొస్తాం, మా ఇళ్ళు జాగ్రత్త అని చర్చి తలుపుకు చీటీ పెట్టి పోయారట. యుద్ధం అయిపోయింది, పల్లె మాత్రం వాళ్ళకు తిరిగి రాలేదు.

ఇది చదివితే నాకు మా ధర్మపురి వైపు చెగ్యాం గుర్తొచ్చింది. అక్కడికి వచ్చింది సైన్యం కాదు, నీళ్ళు. గోదావరి మీద కట్టిన 20 టీఎంసీల ఎల్లంపల్లి ప్రాజెక్టు కింద వెల్గటూరు మండలంలో చెగ్యాం, తాళ్లకొత్తపేట లాంటి ఊళ్ళు మునిగాయి. సైన్యం కావాలి, నీళ్ళూ కావాలి, కాదనను.

కానీ ఊరు లేచేటప్పుడు రాసుకునేది ఎకరాలు, గదులు, చెట్లు. బావికాడి ముచ్చట్లు, చేబదులు చక్కెర, నొప్పులొస్తే పరుగెత్తుకొచ్చే పక్కింటి వదిన ఏ లెక్కలోనూ ఉండరు. పట్టా మగవాళ్ళ పేరున ఉంటే పైసలూ వాళ్ళ పేరునే వస్తాయి.

2013 భూసేకరణ చట్టం వితంతువులను, భర్త వదిలేసిన ఆడవాళ్ళను వేరే కుటుంబాలుగా లెక్కించమంది. మంచిదే. పునరావాసపు ఇల్లు మాత్రం భార్యాభర్తలిద్దరి పేరున 'ఉండవచ్చు' అని వదిలేసింది. అది 'ఉండాలి' కావాలి. ఇరుగుపొరుగుకు పక్కపక్కనే ప్లాట్లివ్వాలి. కొత్త చోట మళ్ళీ పొయ్యి వెలిగించేది మనమే కదా!

మీ ఇంటి కాగితం ఎవరి పేరున ఉంది? ఒక్కసారి తీసి చూడండి.