మిద్దె మీద చౌడు

రాప్తాడులో మా పాత ఇల్లు మా జేజినాయన కట్టించింది. దూలాలు, వాటి మీద వేప దంతెలు, దంతెల మీద బండలు, బండల మీద మట్టి, అన్నిటికీ పైన చౌడు. నిరుడు జడివానకు వంటింటి మూల ఉరిసింది. మృగశిర లోపల బాగుచేయించుదామని మేస్త్రీని పిలిస్తే ఆయన మిద్దె ఎక్కను కూడా ఎక్కలేదు. వాకిట్లో నిలబడి తలెత్తి చూసి, "ఇంగా ఈ మట్టిమిద్దె ఎందుకన్నా? పీకి పడేసి స్లాబు ఏసుకుంటే ఒగ పని అయిపోతాది" అన్నాడు. రెండోవాడూ అదే పాట. మూడోవాడు ఫోనులోనే ఆ మాట చెప్పేసి, వచ్చే శ్రమ కూడా తప్పించుకున్నాడు.

వాళ్ల మీద నాకు కోపం లేదు. ఉన్నదంతా వాళ్లకు ఆ పాట నేర్పిన కాగితాల మీదే. జనాభా లెక్కలవాళ్ల పుస్తకంలో మట్టి కప్పు అంటే కచ్చా. 2011 సామాజిక ఆర్థిక కుల గణనలో కచ్చా గోడలు, కచ్చా కప్పు, ఒకే గది ఉంటే అది లేమికి గుర్తు. 2016లో మొదలైన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ పథకం ఆ లెక్కల మీదే నిలబడి, మైదాన ప్రాంతంలో ఇంటికి 1.20 లక్షల రూపాయలు ఇస్తామంది. దేనికి? పక్కా ఇల్లు కొత్తగా కట్టుకోవడానికి. ఉన్న మిద్దెను నిలబెట్టుకుంటానంటే మాత్రం ఆ డబ్బు రాదు. తలమీద అడుగు మట్టి మోస్తున్న ఇల్లు కచ్చా అట, నాలుగైదు అంగుళాల కాంక్రీటు పలక పక్కా అట! ఈ రెండు మాటలు పెట్టినాయన ఎవరో గానీ, రోహిణి కార్తెలో మా ఊరి స్లాబు కింద ఒక్క రాత్రి పడుకుని ఉండడు.

పగలంతా ఎండను తాగిన స్లాబు, పొద్దుగూకాక దాన్ని కిందికి కక్కుతుంది. రాత్రి పదింటికి ఫ్యాను వేస్తే పొయ్యి ముందు కూర్చున్నట్టే. అందుకే పక్కా ఇళ్లవాళ్లంతా మంచాలు వాకిట్లోకి లాక్కుంటారు. కాస్త డబ్బున్నవాళ్లు స్లాబు మీద మళ్లీ రేకుల షెడ్డు వేస్తారు. కప్పుకు కప్పు! మట్టిమిద్దెలో అలా కాదు. మందపాటి మట్టిలో వేడి మెల్లగా దిగుతుంది, సగం దారిలోనే దాని పొగరు అణిగిపోతుంది. మధ్యాహ్నం అన్నం తిని మా అవ్వ, మిద్దెలో వెలుతురుకు వదిలిన గవాచి కింద నడుం వాల్చేది. విసనకర్ర పక్కన పెట్టుకునేదే గానీ, విసురుకోవడం నేను చూసింది తక్కువ.

చౌడు సంగతి కొంచెం చెప్పాలి. ఎందుకంటే ఇప్పటి పిల్లలకు అది పొలానికి పట్టిన చీడగానే తెలుసు. చౌడు నేలలో సోడియం ఎక్కువ. తడి తగలగానే బంకమట్టి రేణువులు విడిపోయి సందులన్నీ మూసేస్తాయి, నీళ్లు లోపలికి దిగవు. పైరుకు అదే చావు. ఆ నేలను దారికి తేవడానికి రైతు జిప్సం తోలుకుంటాడు. మన పెద్దలు ఆ పాడు గుణాన్నే బండ్లకెత్తి మిద్దె మీదికి చేర్చారు. వానకు ముందు రెండంగుళాల చౌడు పరిచి, తొలి చినుకుకు అదే మెత్తుకుని పొర కడితే, ఆ ఏడాదికి ఇల్లు భద్రం. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్పనుకునే సీమకు తగిన కప్పు ఇది. కోస్తా వానలకు పెంకుటింటి వాలు కావాలి, మనకు ఆ అవసరం లేదు. ఇంత ఆలోచన ఉన్నదాన్ని పట్టుకుని కచ్చా అంటే నాకు ఒళ్లు మండదా?

మట్టిమిద్దెలు కూలి మనుషులు చనిపోతున్న మాట నిజమే. ముసురు పట్టినప్పుడల్లా పేపర్లో ఏదో ఒక ఊరి పేరు చదువుతూనే ఉన్నాం. అయితే చాలాచోట్ల తప్పు మట్టిది కాదని నేనంటాను. ఏటేటా పాతది తీయకుండా కొత్త చౌడు ఎక్కిస్తూ పోయాం. లెక్క వేయండి: చదరపు అడుగు మీద అడుగు మందం పొడి మట్టి 45 కిలోల దాకా తూగుతుంది. పది అడుగులకు పదిహేను అడుగుల గది మీద అది ఏడు టన్నులకు దగ్గర, తడిస్తే ఇంకా ఎక్కువ. చెదలు తిన్న దంతె ఎన్నాళ్లు మోస్తుంది?

చివరికి పక్క ఊరి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఆయనా పని మానేసి చాలాకాలమైంది, బతిమాలితే వచ్చాడు. మిద్దె ఎక్కి గునపంతో ఒక్క పోటు పొడిచి, "ఎంత మన్ను ఎక్కిచ్చినారప్పా దీని మీదికి!" అన్నాడు. మట్టంతా దించించాడు. దంతెలను ఒక్కొక్కటే ఉలితో పొడిచి చూసి, మెత్తబడినవి ఆరు తీసేశాడు. వాటికి కొలతకు సరిపడే వేప దొరక్క ఇనుము వేయాల్సి వచ్చింది. బండల సందుల్లో సున్నం కూరి, మట్టి తడిపి, దిమ్మిసతో కొట్టి, దోణి వైపు వాలు తీశాడు. పైన చౌడు, రెండంగుళాలే. ఆయన తర్వాత ఈ పని చేసేవాళ్లు ఈ చుట్టుపక్కల నాకు కనబడటం లేదు. ఐటీఐల్లో వెల్డింగు నేర్పుతాం, ఫిట్టరు పని నేర్పుతాం, మిద్దె వేయడం మాత్రం ఎవరికీ పట్టదు.

ఇక చల్లని కప్పుల గురించి. 2017లో హైదరాబాదు పేదల బస్తీల్లో కొన్ని ఇళ్ల కప్పుల మీద తెల్లటి పొర పరిచి చూస్తే, లోపలి వేడి సగటున రెండు డిగ్రీలు తగ్గింది. 2023లో తెలంగాణ ప్రభుత్వం దానికొక విధానమే తెచ్చింది. మంచిదే. కానీ నివాసాల్లో 600 గజాలు, ఆపైన స్థలమున్న వాటికే తప్పనిసరి చేశారు. రేకుల కింద ఉడికేవాడికి 600 గజాలు ఎక్కడిది? స్లాబు పోసుకుని ఇరుక్కున్నవాళ్లకు నేను చెప్పేదొకటే: ఎండాకాలం ముందు మిద్దె మీద చిక్కటి సున్నం రెండు పూతలు వేయండి. అవ్వలు పండక్కి గోడలకు కొట్టించిన సున్నమే, డబ్బా మీద ఇంగ్లీషు పేరు అక్కర్లేదు.

అసలు దుఃఖం ఇంకొకటి ఉంది. మన వైపు రామగిరి కొండల మీద 1990ల నుంచి గాలిమరలు తిరుగుతున్నాయి. నంబులపూలకుంటలో కనుచూపు మేరా సోలారు పలకలే. మన గాలి, మన ఎండ కరెంటుగా మారి తీగల మీద ఊరు దాటిపోతాయి. మనం స్లాబు కింద కూలరు పెట్టుకుని ఆ కరెంటునే బిల్లు కట్టి కొంటాం. బిల్లు చూసి నోరెళ్లబెడతాం. మే నెలలో అది కూడా రాత్రి ఎనిమిదింటికి పోతుంది, మనం కట్టిన డబ్బు మాత్రం పోయినచోటనే ఉంటుంది.

గృహనిర్మాణ శాఖవాళ్లను ఒకటి అడుగుతున్నాను. పాత మిద్దె మరమ్మతుకూ ఒక పద్దు పెట్టండి. 1.20 లక్షలు వద్దు, దంతెలు మార్చుకునేంత ఇవ్వండి చాలు.

మట్టిమిద్దె ఉన్నవాళ్లు ఈ ఏడు చౌడు తోలించే ముందు మిద్దె ఎక్కి, నాలుగు మూలలా గునపంతో పొడిచి మట్టి మందం కొలవండి. అడుగు దాటితే పాతది దించాకే కొత్తది ఎక్కించండి. మా వంటింటి మూలన పద్దెనిమిది అంగుళాలు తేలింది.