ట్యాంకర్ డ్రైవరుకు ప్రత్యేక శిక్షణ.. ఫైరింజన్ డ్రైవరుకు భారీ లైసెన్సే చాలు!

ప్రమాదకర సరకులు మోసే లారీని నడపాలంటే భారతదేశంలో మామూలు భారీ వాహన లైసెన్సు సరిపోదు. కేంద్ర మోటారు వాహన నిబంధనలు, 1989లోని 9వ నిబంధన ప్రకారం అటువంటి డ్రైవరు మూడు రోజుల ప్రత్యేక శిక్షణ పూర్తిచేసి ధ్రువపత్రం పొందాలి. లైసెన్సుపై ఆ మేరకు ఎండార్స్‌మెంట్ వేయించుకోవాలి. పెట్రోలు, వంటగ్యాస్, ఆమ్లాలు మోసే ట్యాంకర్లు ఈ కోవలోకి వస్తాయి. అదే ట్యాంకర్ రహదారిపై బోల్తాపడి మంటలు చెలరేగితే, సైరన్ మోగిస్తూ అక్కడికి పరుగెత్తే అగ్నిమాపక శకటం డ్రైవరుకు మాత్రం అలాంటి ఎండార్స్‌మెంట్ ఏదీ అక్కరలేదు. లైసెన్సు విషయంలో మోటారు వాహన చట్టం అతడిని ఇసుక లారీ డ్రైవరుతో సమానంగానే చూస్తోంది.

చట్టం ఈ అంశంపై పూర్తిగా మౌనం వహించిందని చెప్పలేం. రవాణా వాహనం నడిపేవారి లైసెన్సులో అందుకు ప్రత్యేక అనుమతి ఉండాలని 1988 నాటి మోటారు వాహన చట్టంలోని 3వ సెక్షన్ నిర్దేశిస్తోంది. 2004 నవంబరు 5న కేంద్రం జారీచేసిన నోటిఫికేషన్ అగ్నిమాపక శకటాలను, స్నార్కెల్ నిచ్చెనల వాహనాలను రవాణా వాహనాల జాబితాలో చేర్చింది. అంబులెన్సులు, శవవాహనాలు, సంచార గ్రంథాలయాలు కూడా అదే జాబితాలో ఉన్నాయి. కాబట్టి ఫైరింజన్ నడపదలచినవారికి 20 ఏళ్లు నిండాలి. అంతకుముందు కనీసం ఏడాదిపాటు తేలికపాటి వాహన లైసెన్సు ఉండాలి. లైసెన్సును ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న షరతును 2019లో కేంద్రం తొలగించింది.

చట్టం ఇచ్చిన మినహాయింపులన్నీ వాహనానికి సంబంధించినవే. అగ్నిమాపక అవసరాలకే వాడే వాహనానికి 66వ సెక్షన్ కింద పర్మిట్ అక్కరలేదు. వ్యాపారేతర అవసరాలకు వాడే ప్రభుత్వ వాహనాలకు 146వ సెక్షన్ కింద థర్డ్ పార్టీ బీమా నుంచీ మినహాయింపు ఉంది. డ్రైవరు అర్హత దగ్గరకు వచ్చేసరికి సడలింపూ లేదు, అదనపు షరతూ లేదు.

అదనపు షరతు ఎందుకు కావాలన్నదే ఇక్కడ అసలు చర్చ. సాధారణ శకటంలో నాలుగైదు వేల లీటర్ల నీరు ఉంటుంది. అంటే నీటి బరువే నాలుగైదు టన్నులు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఈ బరువు స్థిరంగా ఉంటుంది. సగం ఖాళీ అయ్యాక మలుపు తిప్పినా, ఒక్కసారిగా బ్రేకు వేసినా నీరంతా ఒక పక్కకు ఒరుగుతుంది. ట్యాంకు లోపలి అడ్డుపలకలు ఆ ఊపును తగ్గించగలవే తప్ప పూర్తిగా ఆపలేవు. నిచ్చెనలు, ఇతర సామగ్రి పైభాగంలో ఉండటంతో వాహనం గురుత్వ కేంద్రం కూడా ఎత్తులోనే ఉంటుంది. సరకు లారీ డ్రైవరు ఇలాంటి బండిని నెమ్మదిగా నడిపి గట్టెక్కుతాడు. అగ్నిమాపక డ్రైవరుకు ఆ అవకాశం లేదు.

రహదారి నియమాల విషయంలోనూ అతడి స్థితి వేరు. 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నియంత్రణలు అత్యవసర వాహనాలకు కొంత వెసులుబాటు కల్పించాయి. ప్రాణాలు కాపాడాల్సిన తీవ్ర పరిస్థితిలో సైరన్, మెరుపుదీపం వాడుతూ ఎర్ర సిగ్నల్ దాటవచ్చు, వేగపరిమితి మించవచ్చు, ఎదురుదారిలోనూ వెళ్లవచ్చు. అయితే ఆ పని జాగ్రత్తగా, బాధ్యతతో చేయాలి. దారి ఇవ్వనివారికి 194ఈ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు లేదా రూ.10,000 జరిమానా లేదా రెండూ విధించవచ్చు. మామూలు డ్రైవరుకు నిషిద్ధమైన పనులు ఇక్కడ విధిలో భాగమవుతున్నాయి. లైసెన్సు పరీక్ష మాత్రం వాటి జోలికి పోదు. గేర్లు మార్చడం, వెనక్కి నడపడం, ఎత్తుమీద ఆపి తిరిగి కదిలించడం వంటి అంశాలతోనే అది ముగుస్తుంది. 2021 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన గుర్తింపు పొందిన డ్రైవింగ్ శిక్షణ కేంద్రాల విధానంలోనూ భారీ వాహనాలకు ఆరు వారాల్లో 38 గంటల శిక్షణ ఉంది. అది రవాణా రంగాన్ని దృష్టిలో పెట్టుకుని రూపొందించిన శిక్షణ.

ఘటనాస్థలికి చేరడంతో డ్రైవరు పని ముగియదు. ఇంజను శక్తిని చక్రాల నుంచి పంపునకు మళ్లించి, లోపల హోస్ పైపు పట్టుకున్న సిబ్బందికి తగిన పీడనంతో నీరు అందేలా చూడాల్సింది అతడే. పీడనం తగ్గితే నీరు మంటను చేరదు. అవసరానికి మించితే పైపు పట్టుకున్నవారే అదుపు తప్పి పడిపోతారు. ట్యాంకు ఖాళీ అయ్యేలోపు చెరువు నుంచో, హైడ్రంట్ నుంచో, మరో శకటం నుంచో నీరు అందేలా చూడాలి. తెలుగు రాష్ట్రాల్లో ఈ ఉద్యోగాన్ని డ్రైవర్ ఆపరేటర్ అనీ, కేంద్ర పారిశ్రామిక భద్రతా దళంలో డ్రైవర్ కమ్ పంప్ ఆపరేటర్ అనీ వ్యవహరిస్తున్నారు. ఉద్యోగం పేరులోనే రెండు పనులున్నాయి. వాటిలో మొదటిదానికి రవాణా శాఖ పరీక్ష పెడుతోంది. రెండోదానికి దేశవ్యాప్తంగా చెల్లే పరీక్ష గానీ ధ్రువపత్రం గానీ మోటారు వాహన చట్టంలో లేదు.

ఈ లోటును పూడ్చే భారం నియామక నిబంధనలపై పడుతోంది. అగ్నిమాపక సేవలు రాష్ట్రాల పరిధిలోని అంశం. రాజ్యాంగం 12వ షెడ్యూలు వాటిని పురపాలక సంస్థల విధుల్లోనూ చేర్చింది. అందువల్ల ఒక్కోచోట ఒక్కో పద్ధతి నెలకొంది. ఢిల్లీ ఫైర్ సర్వీసులో ఫైర్ ఆపరేటర్‌గా చేరాలంటే పదో తరగతితోపాటు భారీ వాహన లైసెన్సు కూడా ఉండాలి. ఈ లెక్కన బృందంలో ఎవరైనా స్టీరింగ్ అందుకోవచ్చు. దీనికి మరో పార్శ్వం ఉంది. తేలికపాటి లైసెన్సు, ఏడాది నిరీక్షణ, ఆపై భారీ వాహన శిక్షణ, వీటన్నిటి ఖర్చు ఉద్యోగం రాకముందే అభ్యర్థి భరించాలి. పేద కుటుంబాల యువకులకు ఇది చిన్న ఆటంకం కాదు. భారీ లైసెన్సు ఉన్న మహిళలు అరుదైన దేశంలో మహిళా అభ్యర్థులకు ఈ షరతు దాదాపు తలుపు మూసినట్టే.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఫైర్‌మన్, డ్రైవర్ ఆపరేటర్ వేర్వేరు ఉద్యోగాలు. భారీ లైసెన్సు రెండోవారికే తప్పనిసరి. నియామకాలు దీనివల్ల సులువవుతాయి. కానీ ఒక్క శకటంతో నడిచే చిన్న కేంద్రంలో డ్రైవరు సెలవులో ఉంటే, లైసెన్సు లేని ఫైర్‌మన్‌ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టడం చట్టవిరుద్ధం. వాహనం నిలిపివేయాలా, నిబంధన మీరాలా అన్న ప్రశ్న అర్ధరాత్రి ఫోన్ మోగినప్పుడు కేంద్రం అధికారి ముందుకు వస్తుంది. కేరళలోనూ డ్రైవరు ఉద్యోగం వేరుగానే ఉంది. సీఐఎస్‌ఎఫ్ లైసెన్సుతోపాటు మూడేళ్ల డ్రైవింగ్ అనుభవం కూడా కోరుతోంది. 2025లో ఆ దళం ప్రకటించిన 1,124 కానిస్టేబుల్ డ్రైవర్ ఉద్యోగాల్లో 279 ఈ డ్రైవర్ కమ్ పంప్ ఆపరేటర్లవే.

విమానాశ్రయాలది మరో దారి. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ తన అగ్నిమాపక విభాగం నియామకాల్లో భారీ లైసెన్సు ఉన్నవారితోపాటు, నిర్ణీత కాలం ముందే తేలికపాటి లైసెన్సు పొందినవారినీ అనుమతించింది. రన్‌వే పరిసరాల్లో వాహనం నడపాలంటే ప్రతి డ్రైవరూ ప్రత్యేక అనుమతి పొందాలి. రవాణా శాఖ ఇచ్చిన లైసెన్సు ఒక్కటే అక్కడ చెల్లదు. రన్‌వే చివరి వరకు మూడు నిమిషాలు మించకుండా చేరుకోవాలన్న అంతర్జాతీయ ప్రమాణం వల్ల అక్కడ ఈ క్రమశిక్షణ తప్పనిసరైంది. విమానాశ్రయం ప్రహరీకి అవతల ఊరిలో తిరిగే శకటానికి అటువంటి రెండో అంచె లేదు.

అమెరికాలో సమస్యను తలకిందులుగా పరిష్కరించారు. 1986 నాటి చట్టం అక్కడ వాణిజ్య డ్రైవింగ్ లైసెన్సును ప్రవేశపెట్టింది. అగ్నిమాపక సిబ్బందికి దాని నుంచి మినహాయింపు ఇచ్చే అధికారం రాష్ట్రాలకు దక్కింది. ఆ దేశంలో అగ్నిమాపక సిబ్బందిలో అధికులు స్వచ్ఛంద సేవకులే. వారందరినీ లారీ డ్రైవర్ల పరీక్షకు పంపితే పల్లెల్లో కేంద్రాలు మూతపడతాయన్నది అప్పటి వాదన. అయితే మినహాయింపు సాధారణంగా సొంత రాష్ట్రానికే పరిమితం. కొన్ని రాష్ట్రాలు ప్రత్యామ్నాయ షరతులూ పెట్టాయి. వాణిజ్య లైసెన్సు లేని అగ్నిమాపక సిబ్బందికి కాలిఫోర్నియా ప్రత్యేక ఎండార్స్‌మెంట్ ఇస్తోంది. జర్మనీలో 1999 తర్వాత కారు లైసెన్సు 3.5 టన్నులకే పరిమితం కావడంతో స్వచ్ఛంద దళాల్లోని యువతకు శకటాలు నడిపే అర్హత లేకుండాపోయింది. దాంతో 2011 నాటికి 7.5 టన్నుల వరకు ఆయా దళాలే శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి అనుమతించే ఏర్పాటు వచ్చింది. రెండు చోట్లా సాధారణ లైసెన్సును సడలించారు. కానీ జర్మనీలోలా సడలింపుతోపాటే శిక్షణను చట్టంలో బిగించడం మెరుగైన పద్ధతి.

భారత్‌లో ఇప్పుడు ఒక సడలింపు అనుకోకుండా వచ్చింది. 7,500 కిలోలకు మించని రవాణా వాహనాన్ని తేలికపాటి వాహన లైసెన్సుతోనే నడపవచ్చని సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పు చెప్పింది. అది బీమా పరిహార వివాదాల్లో వచ్చిన తీర్పు. 2017 నాటి ముకుంద్ దేవాంగన్ కేసు తీర్పును ధర్మాసనం సమర్థించింది. ఇరుకు వీధుల కోసం సమకూర్చుకునే చిన్న అగ్నిమాపక వాహనాలు ఈ బరువు లోపే ఉంటే, ఇదే తర్కం వాటికీ వర్తిస్తుంది. సిబ్బంది కొరత ఎదుర్కొంటున్న శాఖలకు ఇది ఊరటే. అయితే జనసమ్మర్దం ఎక్కువగా ఉండే సందుల్లో సైరన్‌తో దూసుకెళ్లే వాహనానికే అర్హత అన్నిటికంటే తక్కువగా ఉంటుంది.

ప్రమాదం జరిగితే ఆ భారం ఎవరిదన్నది సిబ్బంది ఎక్కువగా చర్చించుకునే విషయం. పరిహారం ప్రభుత్వం చెల్లిస్తుంది. నేర బాధ్యత మాత్రం డ్రైవరుదే. నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. ఎర్ర సిగ్నల్ దాటే వెసులుబాటును బాధ్యతతో వాడాడా లేదా అన్నది న్యాయస్థానం తేలుస్తుంది. ఎలా వాడాలో నేర్పామని చూపే ధ్రువపత్రం ప్రభుత్వం వద్ద లేకపోతే, ఆ విచారణలో డ్రైవరు ఒంటరివాడవుతాడు.

నిధుల ప్రవాహం ఇప్పటికే మొదలైంది. 15వ ఆర్థిక సంఘం సిఫారసుల మేరకు రాష్ట్రాల్లో అగ్నిమాపక సేవల విస్తరణ, ఆధునికీకరణకు కేంద్రం 2023లో రూ.5,000 కోట్ల పథకం ప్రారంభించింది. కొత్త వాహనాలు కొనడం ఇందులో కంటికి కనిపించే భాగం. శిక్షణకు వేదికల కొరతా లేదు. నాగ్‌పుర్‌లో జాతీయ అగ్నిమాపక కళాశాల ఉంది. హైదరాబాద్ శివార్లలోని వట్టినాగులపల్లిలో తెలంగాణ అగ్నిమాపక శిక్షణ సంస్థ ఉంది. పార్లమెంటులో చట్ట సవరణ కూడా అనివార్యం కాదు. లైసెన్సుల అధ్యాయం కింద నిబంధనలు చేసే అధికారం 27వ సెక్షన్ ద్వారా కేంద్రానికి ఉంది. ట్యాంకర్ డ్రైవర్లకు 9వ నిబంధన ఉన్నట్టే, అత్యవసర వాహనాల డ్రైవర్లకూ ఒక నిబంధన చేర్చవచ్చు. కేంద్రం ఆలస్యం చేసినా రాష్ట్రాలు ఆగనక్కరలేదు. ఉద్యోగంలో చేరాక ప్రభుత్వ ఖర్చుతో ఫైర్‌మన్లందరికీ భారీ లైసెన్సు, పంపు నిర్వహణలో పరీక్ష తప్పనిసరి చేస్తూ సర్వీసు నిబంధనలు సవరించాలంటే ఒక ప్రభుత్వ ఉత్తర్వు చాలు.