పాత కారు... కొత్త పాట

నాన్న కారులో స్పీకర్ల కాగితం చిరిగి పాటంతా గరగర. ఆత్మకూరులో కొత్త సెట్టు, స్పీకర్లు పెట్టించుకుని ఉదయగిరి వెళ్లాను. దుర్గం కనబడేదాకా పాటలే పాటలు!

మూడో రోజు తెల్లవారుజామున అమ్మమ్మకు ఆయాసం. తాళం తిప్పితే కారు కిమ్మనలేదు. పక్కింటి ఆటో ఉండబట్టి గండం గడిచింది. తర్వాత మేస్త్రీ డాష్‌బోర్డు విప్పి, ‘ఎర్ర వైరును కూడా పసుపుతోనే కలిపేశారన్నా’ అన్నాడు.

సంగతేమిటంటే... సెట్టు పసుపు వైరుకు ఎప్పుడూ కరెంటు అందాలి. గడియారం, స్టేషన్లు గుర్తుండేది దానివల్లే. ఎర్రదానికి తాళం తిప్పితేనే అందాలి. రెండూ కలిపితే, బటన్ నొక్కి ఆపినా సెట్టు లోపల మేలుకునే ఉంటుంది. పాత బ్యాటరీ అయితే రెండు రాత్రుల్లో ఖాళీ!

కారు వైర్లకూ ఇవే రంగులుంటాయని నమ్మొద్దు. మీటరు పెట్టి చూడమనండి. కంపెనీ వైర్లు కత్తిరించకుండా కప్లర్ వేయించండి. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు ఎండకు ఊడితే షార్ట్ సర్క్యూటే. పసుపు వైరుకు ఫ్యూజు తప్పనిసరి.

డబ్బా మీద ‘50 వాట్లు’ చూసి మురిసిపోకండి. అది గరిష్ఠం. నిలకడగా వచ్చేది 15-20 వాట్లే. స్పీకర్లు దానికి తగ్గవి, 4 ఓంలవి చాలు. తలుపులో పెట్టేముందు అద్దం దించి, తగలదని చూసుకోండి.

చివరగా తాళం బయటికి తీయండి. సెట్టు దానంతటదే ఆరిపోయిందా? అప్పుడే డబ్బులివ్వండి!